వేడెక్కితే ఆగిపోయే పాత విల్లీస్ పికప్: కాయిలా, కండెన్సరా?

మీ పాత విల్లీస్ జీపు పికప్ పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, బెంగళూరు సిల్క్ బోర్డు జామ్‌లో ఇరుక్కుంటే టక్కున ఆగుతుంది, చల్లారాక మళ్లీ మామూలే అంటున్నారు. మెకానిక్ నాలుగు ప్లగ్గులూ మార్చేశాడట. ప్లగ్గు పోతే బండి మిస్సవుతుంది గానీ నాలుగు సిలిండర్లూ ఒకేసారి చావవు కదండీ! నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే అనుమానించాలి: స్పార్క్ పుట్టించే కాయిల్, దాన్ని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్, అందులో కాయిల్ కరెంటుని కలుపుతూ విడదీసే పాయింట్లు, ఆ పాయింట్లకి తోడుండే కండెన్సర్.

ఆగిన వెంటనే, వేడి మీదే పరీక్ష చెయ్యండి. గ్యారేజీకి తోసుకెళ్లేసరికి జబ్బు మాయమవుతుంది. పెట్రోల్ ఎక్కడా కారట్లేదని చూసుకుని, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్య వైరు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ఆ వైరు కొసని ఇంజిన్ బ్లాక్‌కి పావు అంగుళం దూరంలో పట్టి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా గట్టి స్పార్క్ వస్తే కాయిల్ జోలికి పోకండి. క్యాప్, దాని లోపల తిరిగే రోటార్ పగుళ్లు చూడండి, అవీ బాగుంటే పెట్రోల్ లైన్లో ఆవిరి కడుతోందేమో చూడాలి.

స్పార్క్ లేకపోతే 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఎర్త్‌కి (బండి ఇనుముకి), రెండోది కాయిల్ ప్లస్‌కి పెట్టండి. కీ ఆన్‌లోనూ వెలక్కపోతే స్విచ్చో, దాని వైరో పోయింది. వెలిగితే మైనస్‌కి మార్చి సెల్ఫ్ కొట్టించండి. మినుకుమినుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే. అప్పుడు కండెన్సర్ మార్చి చూడండి, అదే చవక. అసలు వెలక్కపోతే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న వైరు మైనస్ నుంచి విప్పండి. ఇప్పుడు వెలిగిందా, కండెన్సర్ షార్టయింది లేదా పాయింట్లు విడట్లేదు. అప్పటికీ వెలగలేదా, కాయిల్ లోపలి చుట్ట వేడికి తెగుతోంది.

నన్నడిగితే ముందు కండెన్సరే. కొత్తదని నమ్మకండి, ఇప్పుడొచ్చే లోకల్ సరుకు పెట్టెలోంచి తీసినప్పుడే సగం చచ్చుంటుంది. పాత ఒరిజినల్ పనిచేస్తుంటే పారెయ్యొద్దు.

కాయిల్ కొనేటప్పుడు ఓమ్‌లు కొలిచే మీటర్ పట్టుకెళ్లండి. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో "పన్నెండు వోల్టులదా?" అని తప్ప ఇంకేమీ అడగరు. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించే విడి రెసిస్టర్) లేని బండికి ప్రైమరీ (ప్లస్, మైనస్‌ల మధ్య చుట్ట) 3 ఓమ్‌ల కాయిల్ కావాలి. 1.5 ఓమ్‌లది తగిలిస్తే 4 ఆంపియర్ల బదులు 8 లాగుతుంది, పాయింట్లు నల్లబడతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పాత విల్లీస్‌లు 6 వోల్టులతో వచ్చాయి. 12కి మార్చినవాళ్లు కాయిల్ మార్చారో లేదో కూడా చూసుకోండి.

మైనస్ దగ్గర ల్యాంప్ ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదు. శుభ్రం చేసి గ్యాప్ పెట్టండి: ఆటోలైట్ డిస్ట్రిబ్యూటర్‌కి 0.020 అంగుళం, లూకాస్ వేసుంటే 0.015. అయినా ఆరకపోతే, డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు కూర్చునే ప్లేటుని ఎర్త్ చేసే చిన్న అల్లిక వైరు ఉంటే దాన్ని వేలితో లాగి చూడండి. పైకి బాగానే కనిపిస్తూ బిగించిన మొదలు దగ్గర తెగి ఉంటుంది.