పాలకొల్లులో ఆక్సలాటల్ పిల్లలు: గుళికలు ముట్టవు, కాళ్లు కొరుక్కుంటున్నాయి

మీ అంగుళం ఆక్సలాటల్ (నీళ్లలోనే బతికే, బల్లిలా ఉండే ఉభయచరం) పిల్లలు గుళికల మేత తినట్లేదని, రెండింటికి కాళ్లు పోయాయని అడిగారు కదండీ, జబ్బేం కాదు. ఆ వయసులో కదిలేదే వాటికి తిండి. పక్కదాని కాలు కదిలినా నోరు పెట్టేస్తాయి! నీళ్లు శుభ్రంగా ఉంటే కాళ్లు మళ్లీ మొలుస్తాయి. ఇవాళే విడదీసి, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ డబ్బా ఇవ్వండి. అడుగున గులకరాళ్లు వద్దు, మింగేస్తాయి.

మేతకి మన వైపు కరువా? రొయ్యల హేచరీలకు సరుకులమ్మే షాపుల్లో ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే, రొయ్యల్లాంటి బుల్లి జీవులు) గుడ్లు అడగండి. ఉప్పునీళ్లలో గాలి గొట్టం పెడితే రోజుకల్లా పొదుగుతాయి. సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి, రోజూ రెండుపూటలా వెయ్యండి. రెండంగుళాలు దాటాక వానపాము ముక్కలు అలవాటు చెయ్యొచ్చు. వరిచేను గట్టున తవ్వినవి మాత్రం వద్దండి, పురుగుమందు భయం.

అసలు గండం ఎండ. వీటి పుట్టిల్లు మెక్సికోలోని చల్లటి సోచిమిల్కో సరస్సు; నీళ్లు 16–18 డిగ్రీలుంటే హాయి, 24 దాటితే నీరసించిపోతాయి. మే నెలలో మన దగ్గర 40! ఏసీ గదిలో నేల మీద పెట్టండి, కరెంటు పోతే ఐసు సీసాలు తేలెయ్యండి. ఫిల్టర్ లేని డబ్బాల్లో నీళ్లు రోజూ మొత్తం మార్చాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వేసి, అదే గదిలో చల్లారాకే పొయ్యండి.