వీసా ముందా, ఉద్యోగం ముందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. డబ్బు కడితే విదేశంలో పనిచేసేందుకు వీసా ఖాయమని ఒక ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. అమెరికాలో ఉద్యోగం చేసేందుకు ఇచ్చే హెచ్-1బి వీసా దరఖాస్తును మీరు కాదు, ఉద్యోగమిచ్చే కంపెనీయే దాఖలు చేయాలి. సాధారణ కంపెనీలకు ఏటా 85,000 వీసాలు మాత్రమే కేటాయిస్తారు కాబట్టి ఖాయమనే మాట ఎవరూ అనలేరు. అక్కడే చదివినవారికి ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసుకునేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి) కింద 12 నెలలు, సాంకేతిక డిగ్రీ అయితే మరో 24 నెలలు పనిచేసే వీలుంది. కాకపోతే తొలి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. పట్టా చేతికొచ్చిన ఉత్సాహంలో చాలామంది మరిచిపోయే లెక్క ఇదే. ఆఫర్ లేకుండా వెళ్లి వెతుక్కోవాలంటే, జర్మనీ 2024 జూన్ నుంచి ఇస్తున్న ఆపర్చునిటీ కార్డును, డిగ్రీ పూర్తయ్యాక, పరిశీలించండి. చదువు, అనుభవం, భాష, వయసు వంటివాటికి కలిపి 6 పాయింట్లు రావాలి, ఖర్చులకు సొమ్ము చూపించాలి. ఈ కార్డుతో ఉద్యోగం వెతికే ఏడాదిలో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు.