యోనా ఎవరో ముందు తేల్చుకోండి

ఉత్తరం: మాది పల్నాడు జిల్లా. మా వారు సంఘ పెద్ద. మెదక్ గుడి చూడాలని 74 ఏళ్ల మా అత్తగారు ఎన్నాళ్లుగానో అడుగుతుంటే క్రిస్మస్ వెళ్లాక కారులో బయలుదేరాం. బీటెక్ రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయికి రావడం ఇష్టం లేదు. బలవంతాన తీసుకెళ్లాం. మిర్యాలగూడ దాటాక ఇంజిన్ వేడెక్కుతోందని, సూది ఎరుపులోకి పోతోందని వాడు రెండుసార్లు చెప్పాడు. ప్రార్థన చేసుకుని బయలుదేరాం, ఏమీ కాదని మా వారు ఆపలేదు. కాసేపటికి బండి దానంతట అదే ఆగిపోయింది. ఆయన దిగి రేడియేటర్ మూత తిప్పుతుంటే బాబు ఆయన చెయ్యి వెనక్కి లాగాడు. మరిగే నీళ్లు వాడి చేతి మీద పడ్డాయి. అద్దె కారులో మెదక్ చేరేసరికి చీకటి పడింది. రంగు అద్దాల కిటికీల మీద బొమ్మలు కనిపించనే లేదు. ఇంజిన్ బాగుచేయించడానికి 60 వేలు అయింది. తర్వాతి ఆదివారం మా వారు ఆరాధనలో సాక్ష్యం చెప్పారు. మా కారులో ఇష్టం లేకుండా ఎక్కిన యోనా ఒకడున్నాడు, అందుకే తుపాను వచ్చింది, అయినా దేవుడు దూతలాంటి మెకానిక్‌ను పంపాడు అన్నారు. అందరూ బాబు వైపు తిరిగి చూశారు. అప్పటినుంచి వాడు గుడికి రావడం లేదు, తండ్రితో మాట్లాడడం లేదు, కుటుంబ ప్రార్థనకు పిలిస్తే తలుపు వేసుకుంటున్నాడు. ఈ ప్రయాణం ద్వారా దేవుడు మాకు నేర్పాలనుకున్న పాఠం ఏమిటి? దాన్ని బాబుకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? వాడి వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు.

— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు చిన్నది. ఆ పాఠం కోసం వెతకడం ఆపండి. మీ అబ్బాయికి ఏదో అర్థం కాలేదని, మీరు విడమరిచి చెబితే మెత్తబడతాడని అనుకుంటున్నారు. అతనికి అంతా అర్థమైంది. అర్థమైంది కనుకే తలుపు వేసుకున్నాడు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ పిల్లవాడు దేవుణ్ణి ఒక్క మాట అన్నట్టు అందులో ఎక్కడా లేదు. విశ్వాసం వదిలేశానని అనలేదు, వాక్యాన్ని తప్పుపట్టలేదు. నలుగురి ముందు తన మీద నింద వేసిన తండ్రి ఉన్న గదిలో మోకరించలేకపోతున్నాడు. అతని తగాదా తండ్రితో. మీరు దాన్ని దేవుడితో తగాదాగా రాశారు. అలా రాస్తే మీ వారిని ఏమీ అడగనవసరం ఉండదు కాబట్టి అలా రాశారేమో, ఒకసారి ఆలోచించుకోండి.

నేనూ వాక్యం వింటూ పెరిగినదాన్నే. మా ఇంట్లో బస్సు తప్పిపోయినా, అన్నం మాడినా దానికో వచనం ఉండేది. దారిలో జరిగినదాన్ని వాక్యం వెలుగులో చూసుకోవడం మంచి అలవాటని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ వెలుగు ముందు మన ముఖం మీద పడాలి. పక్కవాడి ముఖం మీదికి తిప్పడానికి అది టార్చిలైటు కాదు.

మీ వారు యోనా పేరు ఎత్తారు కాబట్టి యోనా దగ్గరే మొదలుపెడదాం. దేవుడు పంపిన చోటికి వెళ్లకుండా ఓడెక్కి పారిపోయిన ప్రవక్త ఆయన. ఆ ఓడలో తుపానుకు కారణం ఎవరో తేల్చింది ఎవరు? నావికులు చీట్లు వేశారు, చీటి యోనా పేరున వచ్చింది. తర్వాత యోనా తన నోటితోనే ఒప్పుకున్నాడు: ఈ తుపాను నన్నుబట్టే వచ్చింది, నన్ను ఎత్తి సముద్రంలో పడవేయండి అన్నాడు. ఇంకొకరి వైపు వేలు చూపలేదు. మీ కారులో ఆ మాట ఎవరు అనాలి? ఇష్టం లేకుండా వెనక సీట్లో కూర్చున్నవాడా, ఎరుపు గీత దాటుతున్న సూదిని చూస్తూ బండి నడిపినవాడా? ఇష్టం లేని పిల్లవాడు ఎక్కినంత మాత్రాన ఏ ఇంజిన్ వేడెక్కదు. కూలెంట్ తగ్గినా, గొట్టం కారినా, ఫ్యాను తిరగకపోయినా వేడెక్కుతుంది. ఆపి చల్లారనిస్తే చాలాసార్లు చిన్న రిపేరుతో పోతుంది. అలాగే నడిపితే సిలిండర్ హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. మీకు పడిన 60 వేల బిల్లు అక్కడినుంచి వచ్చి ఉంటుంది.

మీ ప్రయాణానికి సరిపోయే ఓడ బైబిల్లో ఉంది. అది యోనా ఎక్కిన ఓడ కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్తున్నారు. మంచిరేవులు అనే చోట ఆయన చెప్పాడు: ఈ ప్రయాణంలో హాని జరుగుతుంది, సరుకుకే కాదు, ప్రాణాలకు కూడా అని. ఖైదీలను తీసుకెళ్తున్న రోమా సైన్యాధికారి, శతాధిపతి, ఆయన మాట వినలేదు. నావికుడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. ఖైదీ మాటకు విలువ ఏముంటుంది? మన ఇళ్లలో పంతొమ్మిదేళ్ల పిల్లవాడి మాటకు ఉన్నంత విలువే. తర్వాత ఊరకులోను అనే పెనుగాలి పట్టుకుంది. ఓడలో ఉన్నవారు 276 మంది. పద్నాలుగు రోజులు సరిగ్గా తిండి లేదు. నా మాట విని ఉంటే ఈ నష్టం తప్పేదని పౌలు ఒక్కసారి అన్నాడు, ఆ తర్వాత ధైర్యం చెప్పాడు, రొట్టె విరిచి అందరూ తినేలా చేశాడు. ఓడ బద్దలైనా ఒక్క ప్రాణం పోలేదు.

మీ అబ్బాయి అంతకన్నా తక్కువేమీ చేయలేదు. రెండుసార్లు హెచ్చరించాడు. వినకపోయినా, తండ్రి చెయ్యి కాలబోతుంటే తన చెయ్యి పెట్టాడు. ఆ రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి. మూత కాస్త వదులైతే చాలు, ఆవిరీ నీళ్లూ ముఖానికి కొడతాయి. మీ వారి కళ్లు ఈ రోజు బాగున్నాయంటే ఆ పిల్లవాడి వల్ల. ఆ ఆదివారం సాక్ష్యంలో చెప్పవలసిన మాట అది. దూత అని మెకానిక్‌ను అన్నారు. కాలిన చేత్తో ఎదురుగా కూర్చున్న కొడుకును యోనా అన్నారు. అమ్మా, ఇది రాస్తుంటే నాకే కోపం వస్తోంది.

మీ వారి విశ్వాసాన్ని నేను తక్కువ చేయడం లేదు. ప్రార్థన చేసుకుని బయలుదేరడం మంచిదే. కానీ ప్రార్థన చేశాం కాబట్టి సూది చూడనవసరం లేదనుకోవడం విశ్వాసం కాదు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను అన్నప్పుడు, నీ దేవుడైన ప్రభువును శోధింపకూడదని యేసు బదులిచ్చాడు. సంఘ పెద్దకు ఈ మాట నేను గుర్తుచేయవలసి రావడం బాధగా ఉంది.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే: ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవారా? వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అన్నాడు ప్రభువు. కష్టం రాగానే ఇంట్లో నేరస్థుణ్ణి వెతికే అలవాటును ఆయన అక్కడే తెంచాడు. మనం మళ్లీ ముడివేసుకుంటున్నాం.

ఇప్పుడు మీ సంగతి. ఆ ఆదివారం మీరు స్త్రీల వైపు కూర్చుని ఉంటారు. జరిగినది మొత్తం కళ్లారా చూసినవారు మీరు. మీ వారు మాట్లాడుతుండగా లేచి ఎదురు చెప్పమని నేను అనను. నలుగురిలో భర్త మాటను కొట్టిపారేయడం నాకూ ఇష్టం ఉండదు. కానీ ఆ రాత్రి? ఆ వారం? కొడుకు తలుపు దగ్గర నిలబడి “అలా కాదు జరిగింది, నేను చూశాను నాన్నా” అని ఒక్క మాట అన్నారా? ఉత్తరంలో అలాంటిది కనిపించలేదు. ముందు ఆ మాట చెప్పండి. పాఠం జోలికి పోకుండా, వాక్యం ఎత్తకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి.

తర్వాత మీ వారితో మాట్లాడండి. అత్తగారు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు. “మీ పెద్దరికానికి నేను అడ్డు రాను. కానీ వాడు చెప్పింది నిజం, మీరు చెప్పింది నిజం కాదు. వాడికి క్షమాపణ చెప్పాలి” అనండి. ఆయన బైబిల్లో ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం తీసి పిల్లలు తల్లిదండ్రులకు విధేయులు కావాలన్న మొదటి మాట చదవవచ్చు. నాలుగో వచనం దాకా చదవమనండి. తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని అక్కడే ఉంది. తండ్రి కొడుకు ముందు తగ్గితే పరువు పోతుందన్న మాటను నేను ఎప్పుడూ ఒప్పుకోను. తప్పు చేసి, అందరికీ తెలిసి, ఒప్పుకోని తండ్రికి ఆ ఇంట్లో మిగిలేది భయమే. పంతొమ్మిదేళ్ల కొడుక్కి ఆ భయం కూడా ఇంకెంతో కాలం ఉండదు.

ఇంట్లో చెప్పే క్షమాపణ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. నింద సంఘం ముందు వేశారు, దిద్దుకోవడం కూడా సంఘం ముందే జరగాలి. బలిపీఠం దగ్గర సహోదరుడికి నీ మీద కోపం ఉందని గుర్తుకొస్తే కానుక అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమని యేసే చెప్పాడు కదా. కానీ ఇందులో అబ్బాయి ఇష్టం ముఖ్యం. మళ్లీ అందరూ తన వైపు తిరిగి చూడడం అతనికి భరించలేనిదైతే ఒత్తిడి చేయవద్దు. సాక్ష్యం సవరించుకునేటప్పుడు అతను గుడిలో ఉండనవసరం కూడా లేదు. అంతవరకు ఆదివారం రమ్మని, కుటుంబ ప్రార్థనకు రమ్మని పిలవడం ఆపండి. అన్నానికి మాత్రం పిలవండి.

మెదక్ గుడి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టిన కట్టడం అది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరవులో జనానికి తిండి ఊరికే పంచకుండా పని ఇచ్చి అన్నం పెట్టారని పెద్దలు చెబుతారు. ఆకలితో ఉన్నవాడి పరువు కూడా కాపాడాలనే ఆలోచన నాకు అందులో కనిపిస్తుంది. అలాంటి గుడి చూసి వచ్చి మీ ఇంట్లో సొంత బిడ్డ పరువు తీశారు. కిటికీల మీది జననం, సిలువ, ఆరోహణం రాత్రిపూట లోపలినుంచి కనిపించవు. వాటికి బయట ఎండ ఉండాలి. ఆ చీకటిలోనూ ఎవరి తప్పో వెతకవద్దు. అత్తగారి ఆరోగ్యం బాగుంటే ఎండాకాలం రాకముందే ఇంకోసారి పొద్దున్నే చేరేలా తీసుకెళ్లండి. అబ్బాయి తనంతట తాను వస్తానంటేనే అతన్ని ఎక్కించుకోండి.

అన్నిటికన్నా ముందు చేయవలసింది, మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో వదిలేసింది: అతని చెయ్యి. కాలిన చోట మచ్చ బిగుసుకుంటూ పోతే వేళ్లు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆలస్యమైన కొద్దీ వైద్యం కష్టమవుతుంది. ఈ వారమే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి, వ్యాయామం చెప్పే ఫిజియోథెరపిస్టును కూడా అడగండి. మీరు కాదు, మీ వారే తీసుకెళ్లాలి. దారిలో సాక్ష్యం గురించి, యోనా గురించి ఏమీ మాట్లాడవద్దని చెప్పి పంపండి. డాక్టరు గారు ఎలా కాలిందని అడుగుతారు. జవాబు మీ వారినే చెప్పనివ్వండి.