జైల్లో ఉన్నవాళ్ల కోసం చర్చిలో ప్రార్థన ఎందుకు చేస్తారు? నేరస్తులపై అంత జాలేమిటి?

నేరాన్ని వెనకేసుకురావడానికి మాత్రం కాదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు ఆకలిగొన్నవాళ్లనీ, రోగులనీ, ఖైదీలనీ ఒకే వరసలో చెప్పి, వాళ్లను చూడ్డానికి వెళ్తే నా దగ్గరికి వచ్చినట్టే అంటాడు. బైబిల్లోనే ఉన్న హెబ్రీ పత్రిక (అంటే లేఖ) 13:3 ఇంకా గట్టిగా, మీరూ ఖైదీలతో కలిసి బందీలైనట్టే తలచుకోండి అంటుంది. యేసు బోధను ఊరూరా చాటిన పౌలు కూడా జైలుకెళ్లినవాడే కదా!

పైగా మన జైళ్లలో నూటికి 70 మందికి పైగా ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. బెయిల్ వచ్చినా ష్యూరిటీ దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. విజయవాడలో మేరీమాత గుడి ఉన్న గుణదల కొండ మెట్ల మీద కొవ్వొత్తి పట్టుకుని, "అమ్మా, ఈ వాయిదాకైనా వాడిని బయటికి రానీ" అని గొణుక్కునే తల్లికి ఈ వచనాలేవీ వివరించక్కర్లేదు. ములాఖత్ రోజున ఆమెకు తోడు వెళ్లి, ఆటో చార్జీలు పెట్టుకుంటే అదీ ప్రార్థనే అని నా ఉద్దేశం.