లెక్కల్లో తేడా పక్షులది కాదు, పోటుది

నమస్తే అండీ. కాకినాడ దగ్గరి కుంభాభిషేకం అనే బురద తీరంలో ప్రతి ఆదివారం పొద్దున 7కే వెళ్తున్నా ఒక వారం వేలల్లో, మరో వారం వందల్లోనే ఉల్లంకులు (నీటి ఒడ్డున తిరిగే పక్షులు) కనిపిస్తున్నాయన్నారు. వలస పక్షులు తగ్గిపోయాయేమోనని టెన్షన్ పడకండి. పోటు, అంటే సముద్రపు నీరు ఒడ్డుకు ఎక్కే వేళ, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి దాదాపు ఆరు గంటలు! ఈ ఆదివారం 7కి పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పాటు, అంటే నీళ్లు వెనక్కి దిగిపోయి ఉంటాయి. పాటులో పక్షులు బురద మీద ఎక్కడెక్కడికో చెదిరిపోయి బైనాక్యులర్‌లో చుక్కల్లా ఉంటాయి.

అందుకే గడియారం కాదు, పోటు పట్టిక చూసి బయల్దేరండి. పోటు నిండడానికి రెండు గంటల ముందే కదలకుండా కూర్చోండి. నీళ్లు ఎక్కేకొద్దీ పక్షులే గుంపులుగా మీ వైపు జరుగుతాయి. మన తీరంలో పొద్దున ఎండ కళ్లల్లో కొడుతుంది కాబట్టి సాయంత్రం పోటు ఉన్న రోజు ఇంకా మేలు. కాళ్ల రంగు, ముక్కు వంపు కూడా తెలుస్తాయి. ముందు యాభై పక్షులు లెక్కపెట్టి, ఆ ముక్క ఎంత ఉందో చూసుకుని గుంపంతా అలా కొలవండి. గుంపు లేచిందా, లెక్క ఆపి ఫోటో తీయండి.

లెక్కతో పాటు పోటు సమయం కూడా రాసుకోండి. అది లేకపోతే పోయినేడాదితో పోల్చలేం.