నమూనా గట్టిగా నిలిచింది, అసలు టేబుల్ ఊగుతోంది: సమాధానం

అట్టతో చేసిన నమూనా కదల్లేదు, దాన్ని చూసి చేసిన కర్ర టేబుల్ మాత్రం ఎందుకు ఊగుతోందని అడిగారు. తప్పు కాళ్లది కాదు, నమూనాలో వాడిన ఫెవికాల్‌ది. 1:5 (అసలులో ఐదో వంతు) అట్ట బొమ్మలో ప్రతి మూలా జిగురుకే బిగుసుకుపోతుంది. కర్రలో చేస్తే అదే మూల కదులుతుంది.

1. నమూనాలో జిగురు తీసేసి మూలలకు గుండుసూదులు గుచ్చండి. చాలామంది వదిలేసేది ఇదే. పైపలక అంచును వేలితో పక్కకు నెట్టండి, తర్వాత ముందుకు. ఎటు ఒరిగితే అటు పట్టీ (పలక కింద కాళ్లను కలిపే చెక్క) చాలట్లేదు. బొమ్మలో అందంగా ఉందని పట్టీ తీసేస్తే ఇంతే.

2. పలక కింద నాలుగు వైపులా 90 మి.మీ. వెడల్పు, 22 మందం పట్టీ. 60 మి.మీ. కాలికి బెజ్జం కొట్టి, పట్టీ కొనను 30 లోపలికి దించండి. 750 ఎత్తులో మోకాళ్లకు 600 పైనే మిగులుతుంది.

3. పలకను పట్టీకి అంటించొద్దు. బల్లార్షా టేకే అయినా, సిరొంచ లాంటి ఊళ్లో వానలకు 600 వెడల్పు పలక 3–5 మి.మీ. ఉబ్బొచ్చు. పట్టీలో స్క్రూ రంధ్రాలు పలక కర్ర చారలకు అడ్డంగా, కోలగా తీయండి.