ప్రోటాన్లు పొర దాటి వెనక్కి వస్తే ఏటీపీ ఎట్లా తయారవుతుంది?

నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంటర్‌లో శ్వాసక్రియ పాఠం చదివావు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే ఎలక్ట్రాన్ రవాణా గొలుసు బట్టీ పట్టావు. ప్రోటాన్లు బయటికి పోయి మళ్ళీ లోపలికి వస్తే అందులో శక్తి ఎక్కడుందో తెలియడం లేదు. పైగా ఒక పుస్తకంలో గ్లూకోజుకు 38 ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణేలు) అని, ఇంకోచోట 30 అని ఉంది.

నేను తిరుపతిలో చాలా ఏళ్ళుగా బైపీసీ పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. నిజం చెప్పాలంటే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరికొచ్చినా నాకూ ఇది తెలీదు. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ నాతో ఆ గొలుసులోని ప్రోటీన్ గుంపుల, అంటే కాంప్లెక్సుల పేర్లన్నీ గడగడా చెప్పించుకుని తాపీగా ఒకటే అడిగారు: "మైటోకాండ్రియా లోపలి పొరకు చిల్లు పడిందనుకో. ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుందా, పెరుగుతుందా?" అంతా ఆగిపోతుంది సార్ అన్నాను. ఆయన నవ్వి, సరే వెళ్ళమన్నారు. ఆ నవ్వు నన్ను చానా రోజులు వదల్లేదు. జవాబేమిటంటే, ఏటీపీ తయారీ ఆగిపోతుంది గానీ ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది! ఇది ఎందుకో తెలిస్తే నీ ప్రశ్న తీరినట్టే.

కొన్నేళ్ళ తర్వాత శ్రీవారి సేవకు వెళ్ళి, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పాలు పంచుతున్నాను. కంపార్ట్‌మెంట్ కిక్కిరిసి ఉంది, గేటుకు తాళం. జనం కూర్చునే ఉన్నారు, అయినా గేటు మీద ఆ ఒత్తిడి తెలుస్తూనే ఉంది. తాళం తీశారో లేదో గోవిందా అంటూ ఒక్క ఊపున లేచారు. ఆ గేటు స్థానంలో తిరుగుడు గేటు పెట్టి, దానికి ఒక పిండిమర బిగించారనుకో. జనం తోసుకుపోతుంటే మర ఆడుతుంది. శక్తి ఏ ఒక్క మనిషి జేబులోనూ లేదు. ఇటు కిక్కిరిసి అటు ఖాళీగా ఉండడమే శక్తి.

మైటోకాండ్రియాలో జరిగేదీ ఇదే. మనం తిన్నదాంట్లోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టుగా దిగి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. దిగేటప్పుడు వచ్చే శక్తితో 1, 3, 4 కాంప్లెక్సులు ప్రోటాన్లను మాత్రిక (లోపలి పొర లోపలి భాగం) నుంచి బయటికి తోస్తాయి. కాంప్లెక్స్ 2 తోయదు. బయట ఒత్తిడి పెరిగేకొద్దీ తోయడం కష్టమై గొలుసు నెమ్మదిస్తుంది. చిల్లు పడితే ఒత్తిడే ఉండదు. అడ్డూ ఆపూ లేక గొలుసు పరుగెత్తుతుంది, ఆక్సిజన్ ఖర్చవుతుంది, ఆ శక్తంతా వేడిగా పోతుంది.

క్యూ పోలికలో ఒక లోపం ఉంది. మనుషులకు విద్యుదావేశం లేదు, ప్రోటాన్‌కు ఉంది. అందుకే పొర బయటివైపు ప్లస్, లోపలివైపు మైనస్ అవుతుంది. పీహెచ్ తేడా ఒకటి లోపే, తోపులో ఎక్కువ భాగం వోల్టేజిదే. అది దాదాపు 150 నుంచి 180 మిల్లీవోల్టులు. ఇంతేనా అనకు. పొర మందం 5 నానోమీటర్లు. లెక్క కట్టు, మీటరుకు 3 కోట్ల వోల్టులు వస్తుంది.

1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఎలక్ట్రాన్లకూ ఏటీపీకీ మధ్య శక్తిని మోసే రసాయనం ఏదో ఉంటుందని ఏళ్ళ తరబడి వెతికారు. లేనిది ఎట్లా దొరుకుతుంది? 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటీపీ కనుగొన్న చరిత్రలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని తెలుసా? 1929లో ఫిస్కేతో కలిసి ఆయన, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు. ఈ సంగతి ట్యూషన్‌లో చెప్పకుండా ఉండలేను.

ఇక తిరుగుడు గేటు. దాని పేరు ఏటీపీ సింథేజ్, అది నిజంగానే గిరగిరా తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దాని ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగు అంటించి, ఏటీపీని ఖర్చు పెట్టించి (అంటే మరను వెనక్కి ఆడించి), అది తిరగడం మైక్రోస్కోపులో చూశారు. మన కణాల్లో 8 ప్రోటాన్లకు ఒక చుట్టు, చుట్టుకు 3 ఏటీపీలు. నాకు బాగా నచ్చిన సంగతి అమెరికా శాస్త్రవేత్త పాల్ బోయర్ చెప్పింది: ఏటీపీ తయారయ్యే రెండు ముక్కలు, ఏడీపీ, ఫాస్ఫేట్ ఆ ఎంజైము గూట్లో తేలిగ్గానే అతుక్కుంటాయి. తయారైన ఏటీపీని వదిలించడానికే తిప్పుడు కావాలి. లడ్డూ చుట్టడం సులువే, చేతికి అంటుకున్నదాన్ని విడిపించుకోవడమే కష్టం అన్నట్టు.

చిల్లు మాట ఊహ కాదు. డైనైట్రోఫినాల్ అనే మందు పొరలోంచి ప్రోటాన్లను అడ్డదారిన దాటిస్తుంది. 1930ల్లో అమెరికాలో సన్నబడడానికి మింగారు. ఒళ్ళు కాలిపోయి కొందరు చనిపోతే 1938లో ఆపేశారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్ముతుంటే ఆ వైపు చూడకు. పసిపిల్లల గోధుమరంగు కొవ్వులో మాత్రం ఒక ప్రోటీన్ ఇదే పనిని అదుపులో చేసి ఒళ్ళు వెచ్చగా ఉంచుతుంది.

38 సంగతి: గొలుసుకు ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే ఒక ఎన్‌ఏడీహెచ్‌కు 10 ప్రోటాన్లు బయటికి పోతాయి. ఏటీపీకి దాదాపు 4 కావాలి, అందులో ఒకటి ఫాస్ఫేటును లోపలికి తెచ్చుకోవడానికి. అంటే రెండున్నర ఏటీపీ, పాత లెక్కలో అనుకున్న 3 కాదు. అందుకే ఇప్పుడు గ్లూకోజుకు 30 నుంచి 32 అంటారు. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఎంతుంటే అంతే రాయి, మార్కుల దగ్గర వాదన పెట్టుకోకు.